కొండ అవతలి విత్తనం

నాకు భయం ఎక్కువ. ఇంటికి తాళం వేసి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వెళ్ళి తాళం లాగి చూసుకునే మనిషిని. "నీ పెళ్ళిచూపుల రోజు కూడా గ్యాస్ కట్టేశామా లేదా అన్న ధ్యాసే నీది" అని మా అమ్మ ఇప్పటికీ ఏడిపిస్తుంది. అలాంటిదాన్ని తీసుకెళ్ళి, ఒక్క పొరపాటు జరిగితే ఆర్నెల్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరయ్యే పనిలో పెట్టారు.

పని చెబితే చిత్రంగా ఉంటుంది. అరకు చుట్టుపక్కల కొండల్లో గెడ్డలుంటాయి. మిగతా ఊళ్ళవాళ్ళు వాగులనేవాటిని మా ఉత్తరాంధ్రలో గెడ్డలంటాం. వాటిలో చిన్న చేపల్ని పట్టాలి. ఒక్కో చేప తోక రెక్క కొసను గోరులో సగమంత కత్తిరించి, స్పిరిట్ పోసిన చిన్న సీసాలో వెయ్యాలి. చేపను మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యాలి. ఏ గెడ్డ, ఏ తేదీ, ఎన్నో చేప అన్నది కాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపలే పడెయ్యాలి. పెన్నుతో రాస్తే ఆ స్పిరిట్ అక్షరాల్ని తినేస్తుంది. ఆ ముక్కల్ని విశాఖలో ల్యాబులో పరీక్షిస్తే ఏ గెడ్డ చేప ఏ గెడ్డ చేపకు చుట్టమో తెలుస్తుంది. సీసాలు తారుమారైతే ఒక కొండ చేపలకు ఇంకో కొండ చుట్టరికం అంటగట్టినట్టే. అందుకని నేను ప్రతి కాగితాన్నీ మూడుసార్లు చదివేదాన్ని. నాలుగోసారి కూడా చదివేదాన్నని మా సర్‌కు చెప్పలేదు.

ఆ పనంతా నడిపించే పెద్దమనిషి ఆయన. మొదటి రోజు నా ముందు పటం పరిచి, అరకు కొండల మీదుగా వేలితో ఒక గీత గీశారు. ఆ గీత కొండల గట్టు. దానికి ఇటు పడిన వాన గోస్తనిలో కలిసి భీమిలి దగ్గర సముద్రంలోకి పోతుంది. అటు పడిన వాన మాచ్‌ఖండ్‌లోకి దిగి, సీలేరు, శబరి అన్నీ తిరిగి గోదావరిలో పడుతుంది. ఒకే మబ్బు నుంచి పడిన రెండు చినుకులు అడుగు ఎడంలో పడితే మళ్ళీ సముద్రంలో తప్ప కలవవు. చేప కొండెక్కలేదు కదా. ఆ కొండ లేచిన కాలం నుంచీ ఇటు చేప ఇటే, అటు చేప అటే ఉండిపోయాయి. చూడటానికి కవలల్లా ఉన్నా లోపల వేరువేరు వంశాలని, ఈ కొండల కథంతా ఆ రెక్క కొసల్లో ఉందని ఆయన అన్నారు. నాకు అది విని ఒళ్ళు జలదరించింది. వెంటనే సీసాల మీద భయం రెట్టింపయింది.

మాది పార్వతీపురం పక్క. రైల్లో టైడా దాటి చలి తగిలేసరికి నాకెప్పుడూ ఇంకో దేశంలోకి వచ్చినట్టుండేది. అరకులో ఒక గది తీసుకుని, రోజూ జీపులో ఒక్కో గెడ్డకు వెళ్ళేదాన్ని. వాటిలో ఒకటి సరిగ్గా ఆ గట్టు మీదున్న చిన్న ఊరి గెడ్డ. పట్టుమని ఇరవై ఇళ్ళుండవు. గెడ్డ కూడా గెంతితే దాటేంత. అందులో రాళ్ళకు అంటుకుని బతికే చేప ఉంది, చిటికెన వేలంత. నేను దాన్ని రాతిచేప అనుకునేదాన్ని. ఊరివాళ్ళకు అది బాలింత చేప. ఎవరింట్లో కాన్పయినా, మూడో రోజు నుంచి తల్లికి ఈ చేపల పులుసు మిరియం వేసి పెడతారు. పాలు పడతాయని నమ్మకం. మామూలు రోజుల్లో ఎవరూ ఈ చేప జోలికి పోరు.

ఆ ఊళ్ళో కాన్పులు చేసేది, బాలింతలకు చేపలు పట్టేది ఒక ముసలామె. నేను మామ్మా అని పిలిచేదాన్ని. మొదటి రోజు నేను బండ మీద కూర్చుని రెక్క కత్తిరిస్తుంటే వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"సేపకి సెవులు కుడతన్నావేటమ్మా?"

నాకు నవ్వొచ్చి చెయ్యి కదిలింది. చేప జారిపోయింది. ఆ చేపను కత్తిరించానో లేదో తెలియక, ఆ సీసా పారేసి, పొద్దున్నుంచీ చేసిన పనంతా సరిచూసుకున్నాను. అది మొదలు నేను వెళ్ళినప్పుడల్లా, "ఈయేళ ఎందరికి కుట్టినావు?" అని అడిగేది. వెదురు బుట్టను ఏ రాయి కింద పెడితే చేప దొరుకుతుందో నాకు నేర్పింది ఆమే.

ఆ ఊరికి రోడ్డు వచ్చి ఎంతో కాలం కాలేదు. అంతకుముందు నొప్పులొచ్చిన ఆడదాన్ని డోలీ కట్టి కొండ దింపేవారు. మామ్మ పెద్ద కూతురు అలా దిగుతూ దారిలోనే పోయింది. అందుకని ఆ రోడ్డు మీద ఒక్క మాటనడానికి నాకు నోరు లేదు. కానీ రోడ్డు గెడ్డను దాటే చోట సిమెంటు తూములు వేశారు. కింది వైపు నీరు కోసుకుపోయి, తూము నోరు మోకాలెత్తున గాల్లో ఉండిపోయింది. పైనుంచి కొట్టుకొచ్చిన చేప కిందికి పడుతుంది. కిందిది మళ్ళీ పైకి ఎక్కలేదు. రోడ్డుకు పైన మిగిలింది ఊట దాకా నాలుగు మడుగులు, అంతే.

చలికాలంలో సర్ ఫోన్ చేశారు. తూముకు పైనున్న చేపలన్నీ ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయట. కింది చేపల్లో ఉన్న రకరకాల తేడాలు పైవాటిలో లేవు. ఉన్న కొద్దిపాటి చేపలే తమలో తాము కలుస్తూ ఇంకా ఒకేలా అయిపోతున్నాయి. ఒక జబ్బొచ్చినా, ఒక ఎండాకాలం ముదిరినా, తట్టుకునేది ఒక్కటీ ఉండకపోవచ్చన్నారు. చివర్లో, "ఇప్పుడే ఊళ్ళో ఏమీ చెప్పకండి. అనవసరంగా కంగారు పడతారు" అన్నారు.

నోరా, వీపుకు తేకే అని పెద్దలు ఊరికే అనలేదు. వారం తిరక్కుండా చెప్పేశాను.

ఆ రోజు మామ్మ వాకిట్లో కూర్చుని చోళ్ళు, అంటే రాగులు, చెరుగుతోంది. విత్తనానికి మంచి గింజలు వేరు చేస్తోంది. మా బాలింత చేపకు ఏమైనా జబ్బుందా, ఈమధ్య బుట్టలో పడటం లేదు అని అడిగింది. నేను అబద్ధం చెప్పలేను. చెబితే ఆ రాత్రి నిద్రుండదు. జన్యువులూ అవీ చెబితే అర్థం కాదేమోనని, ఆమె చేతిలో ఉన్నదాన్నే చూపించి చెప్పాను.

"మీ గెడ్డలో విత్తనం ఒక్కటే అయిపోయింది మామ్మా. కొత్తది కలవడం లేదు. అందుకే నీరసించిపోతోంది."

చేట ఆగిపోయింది. ఆమె నా వైపు చూసింది, ఇంతేనా అన్నట్టు.

"మరి అలగ సెప్పవేటి! అదే పోడులో అదే ఇత్తనం నాలుగేళ్ళేత్తే సోడి కూడా అలిసిపోద్ది. మారిసీయాల."

నేను బుద్ధిమంతురాల్లా తలూపాను. ఎంత తేలిగ్గా అర్థం చేసుకుందీ అని లోలోపల మురిసిపోయాను కూడా. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మళ్ళీ నేను ఆ ఊరు వెళ్ళేసరికి ఎండలు మొదలయ్యాయి. మామ్మ వాకిట్లో, నీడన, మూతికి అడ్డాకులు కట్టిన కుండ ఉంది. ఆమె ముఖం వెలిగిపోతోంది. ఆకు కొంచెం పక్కకు తీసి చూపించింది. లోపల రాతిచేపలు ఉన్నాయి, తొమ్మిదో పదో. ఉండి ఉండి తోకలు కదుపుతున్నాయి.

"ఇయ్యెక్కడివి మామ్మా?"

"మా కన్నోరి ఊరివి. గట్టవతల. ఇత్తనం మార్సాలంటే మేం అక్కడికే ఎల్తాం. సోడైనా, సామైనా, కందైనా."

మామ్మ ఊళ్ళో విత్తనం అలిసిపోతే ఆడవాళ్ళు పుట్టింటికి వెళ్ళి గుప్పెడు గింజలు కొంగున కట్టుకొస్తారు. తరతరాలుగా అదే పద్ధతి. నేనేమో చేపకు విత్తనమని పేరు పెట్టి ఆమె చేతిలో పెట్టాను. ఆమె చెయ్యాల్సిందే చేసింది. చలిపొద్దునే బయల్దేరి, దారిలో ప్రతి ఊట దగ్గరా నీళ్ళు మార్చి, దోసిలితో పైనుంచి పోస్తూ చేపలకు ఊపిరందిస్తూ, ఆ వయసులో కొండ దాటించి తెచ్చింది. కాకపోతే ఆ కొండే, సర్ పటం మీద వేలితో గీసిన గీత.

"గెడ్డలో ఒగ్గీసినావా?" అని అడిగాను.

"ఇంకా నేదు. గంగమ్మకి సెప్పాల గదా. ఆదివారం పూజారి వత్తాడు."

అది శుక్రవారం. నాకు కాస్త ఊపిరి వచ్చింది. సిగ్నల్ కోసం పైన కాఫీ తోట దాకా పరిగెత్తి సర్‌కు ఫోన్ చేశాను. ఆయన ఒక్కో మాటా నొక్కి చెప్పారు.

"వదలనివ్వొద్దు. ఎన్ని వేల ఏళ్ళుగా విడిగా ఉన్న వంశాలో తెలుసా? కలిశాక మళ్ళీ విడదీయలేం. అవతలి చేప ఇక్కడి నీళ్ళకు పనికొస్తుందో లేదో కూడా మనకు తెలీదు. కొత్త చేపలు కావాలంటే రోడ్డు కింద ఉన్నాయి కదా, అదే గెడ్డవి. వాటిని పైకి తెద్దాం. ముందు ప్రతిదాని రెక్కా తీసి రికార్డు చెయ్యాలి. పర్మిషన్ కూడా రావాలి. వానల్లోగా మనమే చేద్దాం. ఆవిడకు అలా చెప్పండి."

ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఆ మాట ఇప్పటికీ అంటాను. కిందికి దిగివచ్చి అదంతా మామ్మకు చెప్పాను. అవతలి నీరు వేరు, ఇవతలి నీరు వేరు, కొండ లేచినప్పటి నుంచీ ఇవి కలవలేదు, కలిస్తే పాడవుతాయేమో అన్నాను. ఆమె విని విని నవ్వింది.

"నానూ అవతలదాన్నే. ఈ ఊరొచ్చి ఆరుగుర్ని కన్నాను. ఎవులు పాడైపోనారు?"

రోడ్డు కింద చేపల సంగతి ఎత్తాను. అవి పెద్ద గెడ్డలో కలుస్తాయి కాబట్టి వాటి విత్తనం బలంగా ఉందని చెప్పాను. ఆమె వెంటనే లేచింది.

"అయితే మరేటి, యాభై అడుగులు. బుట్టట్టుకురా, ఇప్పుడే తెద్దాం."

"అలా కాదు మామ్మా. పర్మిషన్ రావాలి. రాసుకోవాలి. మేమే తెస్తాం. వానల్లోగా. నా మీద ఒట్టు."

ఆ ఒట్టు ఎందుకు వేశానో నాకు తెలియదు. బస్సు వస్తుందో రాదో కూడా నమ్మకంగా చెప్పని మనిషిని. ఆమె నన్ను ఎగాదిగా చూసి, కూర్చుని, కుండ మూతికి ఆకు మళ్ళీ కట్టింది. చదువుకున్నదానివి, నీకు తెలీదా అంది. అందులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

చేపల్ని కూర వండుకోమని చెప్పలేకపోయాను. గంగమ్మ కోసం తెచ్చినవి తినకూడదు. మర్నాడు ఇద్దరం గట్టు దాటి, ఎక్కడివి అక్కడ వదిలేసి వచ్చాం. వెళ్ళేటప్పుడు కుండ ఆమే మోసింది. దారిలో రెండు చచ్చిపోయాయి. ఆమె వాటిని ఒక చెట్టు మొదట్లో పూడ్చి, ఏదో గొణిగింది. నాకు మాత్రం పెద్ద గండం గడిచినట్టుంది. ఆ రాత్రి చాలాకాలం తర్వాత తాళం ఒక్కసారే చూసుకుని పడుకున్నాను.

పర్మిషన్ కాగితం వెళ్ళింది. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు వెళ్ళింది. చేపల్ని ఒక చోటి నుంచి ఒక చోటికి మార్చడమంటే ఏ శాఖ కిందకు వస్తుందో తేలలేదు. నేను వారం వారం సర్‌కు ఫోన్ చేసేదాన్ని. "కదిలింది" అనేవారు మొదట్లో. తర్వాత "చూస్తున్నారు" అనేవారు. ఆ తర్వాత ఫోన్ తియ్యగానే ఆయనే, "ఇంకా లేదండీ" అనేవారు. పాపం, ఆయన కూడా తిరిగారు. నన్ను పార్వతీపురం పక్క గెడ్డలకు వేశారు. అక్కడి సీసాలు సర్దుకుంటున్నా నా ప్రాణం ఆ నాలుగు మడుగుల దగ్గరే ఉండేది. ఎండ ముదిరేకొద్దీ నాకు తిండి సయించేది కాదు. ఒంటిగంట వేళ వీధిలోకి చూస్తే, ఈ ఎండ అక్కడ ఎంత నీరు తాగేస్తోందోనన్న ఆలోచనే. మధ్యలో ఒకసారి వెళ్ళి చూశాను. రెండు మడుగులే మిగిలాయి. నీరు పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. చేపలున్నాయి, ఊట పక్కన ఒకే రాయి కింద గుంపుగా. రోడ్డు దిగి చూస్తే కింద బోలెడున్నాయి.

జీపులో బకెట్ ఉంది. యాభై అడుగులు. రెండు మూడుసార్లు తిరిగితే అయిపోయే పని. చూసేవాళ్ళు కూడా లేరు. నేను బకెట్ బయటికి తీశాను. నిజం చెబుతున్నాను, తీశాను. రికార్డు లేకుండా తెచ్చానని తెలిస్తే సర్ ఏమంటారు, ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం ఈసారి పొడిగిస్తారా, కిందివాటిలో జబ్బేదైనా ఉండి పైవాటికి నేనే అంటిస్తే? ఒక్కో భయమూ న్యాయంగానే కనిపించింది. బకెట్ మళ్ళీ జీపులో పెట్టి, అరకు వచ్చి, సర్‌కు ఇంకో మెయిల్ రాశాను.

వానలు పడ్డాక వెళ్ళాను. గెడ్డ నిండుగా పారుతోంది. నీరు చూసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఊట దగ్గర్నుంచి రోడ్డు దాకా ప్రతి మడుగులోనూ బుట్ట పెట్టాను. మామ్మ నేర్పిన రాళ్ళ కిందే పెట్టాను. పీతలు పడ్డాయి. నత్తలు పడ్డాయి. మర్నాడూ అంతే. మూడో రోజు మోకాళ్ళ మీద కూర్చుని, రాయీ రాయీ ఎత్తి చేత్తో తడిమాను. వేళ్ళు మొద్దుబారిపోయాయి. ఒక్కటీ తగల్లేదు.

వెనక ఎప్పుడొచ్చిందో మామ్మ బండ మీద కూర్చుని ఉంది. ఎందరికి కుట్టినావు అని అడగలేదు.

"ఎండల్లోనే పోనాయమ్మా," అంది. "కడాకరి రెండు మూడు ఊటకాడ ఆపసోపాలు పడతంటే సూసినాను. నువ్వు సెప్పినావు గదా అని సెయ్యెట్టనేదు. నా మనవరాలు అప్పుడే నీళ్ళాడింది. పాలు పళ్ళేదు. అందరూ ఉన్నయి పట్టమన్నారు. నానే వద్దన్నాను. ఇత్తనానికి ఉండాల అన్నాను."

నన్ను తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని. మనవరాలి బిడ్డ ఎలా ఉన్నాడని మాత్రం అడగగలిగాను. డబ్బా పాలు పోస్తున్నామంది. నేను రోడ్డు కింద చేపల గురించి మొదలుపెట్టాను. కాగితం రాగానే, వచ్చే నెలలో, బహుశా, అని ఏదేదో చెబుతున్నాను. ఆమె నా మాట పూర్తయ్యేదాకా మర్యాదగా ఆగింది. ఆ తర్వాత నా వైపు తిరిగి అడిగింది. ఎత్తిపొడుపు కాదు, నాకు తెలుస్తుందని నిజంగానే అడిగింది.

"ఇప్పుడు మా కన్నోరి ఊరి సేప తెత్తే తప్పునేదు కదమ్మా? పాడైపోడానికి ఇక్కడింకేటీ నేదు గదా?"